సున్నపురాయి గట్టుకి మొక్కలు వద్దు: జయపురం పచ్చదనం సంఘాలకు బహిరంగ లేఖ

మన ఒడిశాలోని జయపురం, కోరాపుట్, బొరిగుమ్మలలో ప్రతి వానాకాలం మొక్కలు నాటే యువజన సంఘాల తమ్ముళ్లకీ చెల్లెళ్లకీ, వాళ్ల వెనక నిలబడే మన తెలుగు సంఘాల పెద్దలకీ, నాటడానికి అనుమతి ఇచ్చే అటవీ అధికారులకీ నమస్కారం.

ఈ జులైలో గుప్తేశ్వర్ గుహాలయం చుట్టుపక్కల సున్నపురాయి గట్ల మీద మొక్కలు పెట్టాలని మీలో కొన్ని సంఘాలు అనుకున్నాయి. ఆర్డరు నా నర్సరీకే వచ్చింది. కానుగ, గుల్మొహర్, వేప, అన్నిటికంటే ఎక్కువగా సుబాబుల్. మనిషి ఎక్కలేని చోట విసరడానికి విత్తన బంతులు కూడా చుట్టి పెట్టమన్నారు. నర్సరీవాళ్లకి ఏడాది మొత్తం మీద నాలుగు డబ్బులు కళ్లజూసేది ఈ సీజన్‌లోనే. అయినా మొహమాటం పక్కన పెట్టి చెప్తున్నాను, ఆ గట్ల మీదికైతే నా దగ్గర్నుంచి ఒక్క మొక్క కూడా రాదు. ఇదే మాట ఫోన్‌లో అంటే, "అదేంటక్కా, బోడికొండకి పచ్చదనం వద్దంటావు, నువ్వు నర్సరీ మనిషివేనా?" అని నవ్వారు. ఫోన్‌లో రెండు ముక్కల్లో తేలే విషయం కాదు కాబట్టి రాస్తున్నాను.

ముందే ఒక సంగతి. బోడికొండలన్నిటినీ వదిలేయమని నేను అనడం లేదు. మన జిల్లాలో బోడిగా కనిపించే కొండల్లో చాలావాటి మీద ఒకప్పుడు అడవి ఉండేది. పోడు వల్ల, కలప నరుకుడు వల్ల, తర్వాత ఏటేటా పెట్టే నిప్పు వల్ల చెట్టు పోయింది. అక్కడ ఎర్రమట్టి ఇంకా ఉంది. నరికిన మోడు నుంచి తొలకరికి చిగురు తన్నుకొస్తుంది. అలాంటి చోట మీరు నాటినా మంచిదే, నాటకుండా నిప్పునీ గొడ్డలినీ ఆపినా సగం పని అయిపోయినట్టే. నా గొడవంతా సున్నపురాయి గట్టు నెత్తి గురించి. దట్టమైన అడవి నిలబడేంత మన్ను దాని మీద లేదు. ఉన్న చారెడు మన్నులో ఎవరు బతకగలరో వాళ్లే బతుకుతున్నారు.

తేడా పట్టడం పెద్ద విద్యేం కాదు. ఒక రాయిని మేకుతో బాగా గీకి, ఆ పొడి మీద నిమ్మకాయ పిండండి. బుసబుసా నురగ వస్తే సున్నపురాయి. తర్వాత పలుగు తీసుకుని నాలుగైదు చోట్ల దించి చూడండి. జానెడు కూడా దిగకుండా ఠంగుమంటే, నరికిన మోళ్లు ఎక్కడా కనిపించకపోతే, ఆ చోటు మీ జాబితాలోంచి తీసేయండి. కింద వాలులో, మట్టి చేరిన చోట సాల్, మద్ది, వెదురు పెరుగుతుంటే అదంతా వేరే లెక్క. గట్టు నెత్తికీ వాలుకీ మధ్య పది అడుగుల్లోనే నేల మారిపోతుంది.

దూరం నుంచి చూస్తే అక్కడ ఏమీ లేనట్టే ఉంటుందని ఒప్పుకుంటాను. బూడిదరంగు బండ, వాననీళ్లు తినేసిన గాడులు, చెప్పు తెగ్గోసేలా ఉండే అంచులు, అక్కడొకటి ఇక్కడొకటి తెల్లబెరడు తపసి చెట్లు. మాఘ ఫాల్గుణాల్లో అయితే తపసికి ఆకు కూడా ఉండదు. పక్కనే కొండగోగు ఒక్క ఆకు లేకుండా పసుపుపచ్చ పూలతో నిలబడి ఉంటుంది. ఆకుజెముడు వానాకాలంలో ఆకులు తొడిగి, ఎండలు రాగానే రాల్చేసి కాడలతోనే గడుపుతుంది. ఈ మూడింటిదీ ఒకటే లెక్క: నీళ్లున్న నాలుగు నెలలు సంపాదించుకో, మిగతా ఏడాది ఖర్చు తగ్గించుకో.

ఇప్పుడు బండ మీద గొంతుక్కూర్చుని ఒక్క పగులు చూడండి. వేలు దూరేంత సందు. ఆ సందులో ఎర్రమన్ను, ఆ మన్నులో మయూరశిఖ. తాటాకు విసనకర్రని వేలెడంత చేసి పెట్టినట్టుండే ఫెర్న్ అది. ఏప్రిల్‌లో చూస్తే ముడుచుకుపోయి, గోధుమరంగు తిరిగి, చిదిమితే పొడైపోయేలా ఉంటుంది. చచ్చిందనుకుంటాం. ఒక మంచి వాన పడనివ్వండి, అదే ఆకు మళ్లీ విచ్చుకుని పచ్చబడుతుంది. కొత్త ఆకు వేయడం కాదు, ఎండిన ఆకే మళ్లీ బతుకుతుంది. ఇలా ఒంట్లో నీళ్లు దాదాపు పూర్తిగా పోయినా తిరిగి లేచే మొక్కలు లోకంలో చాలా తక్కువ. పుణెలోని అఘార్కర్ పరిశోధన సంస్థవాళ్లు పశ్చిమ కనుమల్లో వెతికితే ఈ గుణం ఉన్నవి 62 జాతులు దొరికాయి, అవి కూడా ఎక్కువగా రాతి నేలల్లోనే. కరువుని తట్టుకునే పంటల కోసం పరిశోధన చేసేవాళ్లకి ఇలాంటి మొక్కలంటే ఎంత ఆసక్తో చెప్పక్కర్లేదు.

ఫెర్న్ పక్కన గోరంత గడ్డి పరకలు. గాడి అడుగున, కొంచెం ఎక్కువ మన్ను చేరిన చోట నేలతాడి, వానలు పడ్డాక నేలకి అంటుకుని పసుపు నక్షత్రంలాంటి పువ్వు పూస్తుంది. అడవి ఉల్లి అయితే ఎండాకాలంలో ఆకు లేకుండానే పూలకాడ ఒక్కటే పైకి పంపిస్తుంది, ఆ పువ్వు విచ్చుకునేది చీకటి పడే వేళకి. గడ్డ లోపల దాచుకున్న నీళ్లతోనే ఆ పని అంతా. రాళ్ల కింద నత్త పెంకులు చాలా ఉంటాయి. నత్త పెంకు కట్టుకోవాలంటే సున్నం కావాలి కదా, సున్నపురాయి ఉన్న చోట నత్తలు ఎక్కువగా ఉండటం ప్రపంచమంతటా ఉన్నదే. మీరు పలుగుతో గుంత తీసేది సరిగ్గా ఈ గాడుల్లోనే. గట్టు మొత్తం మీద మన్ను దొరికేది అక్కడే కాబట్టి, వేరే దారి ఉండదు.

మన జిల్లాలో ఏడాదికి సుమారు 1,500 మిల్లీమీటర్ల వాన పడుతుంది. అనంతపురంవాళ్లు వింటే కళ్లు తిరిగిపోయే లెక్క. అంత వాన పడుతున్నా గట్టు నెత్తి ఎందుకు ఎండిపోయి ఉంటుంది? వాననీటిలో గాలిలోంచీ మట్టిలోంచీ బొగ్గుపులుసు వాయువు కలిసి అది కొద్దిగా పుల్లబడుతుంది. ఆ పులుపు సున్నపురాయిని కరిగిస్తుంది. వేల ఏళ్లుగా కరిగి కరిగి పగుళ్లు పెద్దవై, పడ్డ నీళ్లు పడ్డట్టే లోపలికి దిగిపోతాయి. వాన వెలిసిన కాసేపటికే బండ ఆరిపోతుంది. ఇంకో చిక్కు: నల్లరాయి, ఇసుకరాయి అరిగితే మట్టి మిగులుతుంది. సున్నపురాయి కరిగితే రాయంతా నీళ్లతో పోయి, అందులో ఉన్న కాస్త మలినమే మన్నుగా మిగులుతుంది. అందుకే అక్కడ చారెడు మన్ను తయారవడానికి ఎన్నో తరాలు పడుతుంది. మీరు గుంత తీసి ఎత్తిపోసిన మన్ను ఒక్క గట్టి వానకి పగుళ్లలోంచి కిందికి జారిపోతుంది. దాన్ని మళ్లీ తెచ్చేవాళ్లు లేరు.

ఇక నర్సరీ భాషలో చెప్తాను. బోరు నీళ్లలో సున్నం ఎక్కువుంటే కవర్లలో మొక్కలకి ఏమవుతుందో నాకు తెలుసు. లేత ఆకులు పసుపుపచ్చగా తిరుగుతాయి, ఈనెలు మాత్రం ఆకుపచ్చగానే ఉంటాయి. నిమ్మ, బత్తాయి తోటలున్నవాళ్లకి ఇది బాగా తెలిసిన రోగం. మట్టిలో ఇనుము లేక కాదు, ఉన్నది కరగక. సున్నపు నేలలో పీహెచ్ (పులుపు తగ్గేకొద్దీ పెరిగే కొలత) ఏడున్నర నుంచి ఎనిమిదిన్నర దాకా ఉంటుంది. పీహెచ్ ఒక్క అంకె పెరిగితే కరిగి దొరికే ఇనుము వెయ్యో వంతుకి పడిపోతుంది. భాస్వరం కూడా సున్నంతో కట్టుపడిపోయి వేరుకి అందదు. అప్పుడు మనం ఏం చేస్తాం? లీటరు నీళ్లలో ఐదు గ్రాముల అన్నభేది (ఇనుము ఉన్న ఉప్పు), ఒక గ్రాము నిమ్మ ఉప్పు కలిపి ఆకుల మీద కొడతాం. వారం పది రోజుల్లో ఆకు తేరుకుంటుంది.

గట్టు మీద మొక్కకి అన్నభేది కొట్టేదెవరు? అక్కడ పుట్టి పెరిగే మొక్కలు తమ నిమ్మ ఉప్పుని తామే తయారుచేసుకుంటాయి. ఈ మాట నేను సరదాకి అనడం లేదు. సున్నపు నేలకి అలవాటుపడిన చాలా మొక్కలు వేళ్ల నుంచి సిట్రిక్ ఆమ్లం, ఆక్సాలిక్ ఆమ్లం వదులుతాయని శాస్త్రవేత్తలు కొలిచి చూశారు. సిట్రిక్ ఆమ్లమంటే మన డబ్బాలో ఉండే నిమ్మ ఉప్పే. ఆ పులుపుతో వేరు చుట్టూ ఉన్న ఇనుముని, భాస్వరాన్ని విడిపించుకుంటాయి. గడ్డిజాతివి ఇంకా గట్టివి. ఇనుముని పట్టుకొచ్చే ఒక పదార్థాన్ని బయటికి పంపి, అది ఇనుముతో జత కట్టాక రెండిటినీ కలిపి వెనక్కి లాక్కుంటాయి. ఇదంతా చేయడానికి బోలెడు శక్తి ఖర్చవుతుంది. అందుకే ఆ మొక్కలు పొట్టిగా, మెల్లగా పెరుగుతాయి, దూరదూరంగా ఉంటాయి. మీకు పలచగా కనిపించేది ఆ నేల మోయగలిగిన బరువే. మంచి మట్టి, నీళ్లు, పేడ ఎరువు అలవాటైన నా కవర్ మొక్కని తెచ్చి వాటి మధ్యలో నిలబెడితే దానికి ఏ విద్యా రాదు.

అయితే మీరు నాటే మొక్కలన్నీ చస్తాయని నాకు భయం లేదు. నా భయం బతికేదాని గురించి. గుల్మొహర్ పోతుంది, ఎలాగూ పోతుంది. కానుగ రెండు వేసవులు దాటడం కష్టం. సుబాబుల్ మాత్రం బతుకుతుంది. అది మెక్సికో వైపు నుంచి వచ్చిన చెట్టు, సున్నపు నేలలంటే దానికి ప్రాణం. ప్రపంచంలో అతి చెడ్డ చొరబాటు జాతులంటూ అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంఘం తయారుచేసిన వంద పేర్ల జాబితాలో దాని పేరూ ఉంది. కాయలు ఎండి పగిలి కింద చాపలా మొలుస్తుంది, నరికితే మళ్లీ గుబురేస్తుంది. పైగా గాలిలోని నత్రజనిని మట్టిలో చేరుస్తుంది. పొలంలో అయితే వరం. గట్టు మీద అదే శాపం, ఎందుకంటే నేల బలం పెరిగిన వెంటనే కింద వాలులో కాచుకుని ఉన్న లాంటానా, పెద్ద గడ్డి, కలుపు అన్నీ పైకెక్కుతాయి. పేదనేలలో మాత్రమే గెలవగల చిన్న మొక్కలకి నీడలో చోటుండదు. విత్తన బంతులైతే మరీ అన్యాయం. ఎక్కడ పడిందో, ఏది మొలిచిందో విసిరినవాళ్లకే తెలియదు. తర్వాత పీకేద్దామన్నా ఎవరూ వెళ్లరు.

కొన్నేళ్ల కిందట ఇలాంటి గట్టు మీదే ఎవరో కాంట్రాక్టు పని చేయించారు. ఎవరన్నది ఇక్కడ అనవసరం. నేను వెళ్లి చూసేసరికి వరసలుగా గుంతలు, గుంతల పక్కన తెల్లగా కొట్టిన రాతి ముక్కలు. ఒక దాంట్లో మొక్కని పాలిథిన్ కవర్‌తో సహా దించేశారు, కవర్ కూడా చింపలేదు. మొక్క ఎప్పుడో పోయింది, కవర్ మాత్రం చెక్కుచెదరలేదు. చుట్టూ ఎత్తిపోసిన మట్టిలో తులసి వాసన వచ్చే హిప్టిస్ కలుపు నడుం ఎత్తు పెరిగి ఉంది. గుంత తవ్వని బండ మీద మాత్రం ఆ కలుపు ఒక్కటి కూడా లేదు. ఫోటోలు ఉన్నాయి, కావలసినవాళ్లకి చూపిస్తాను. బతికిన మొక్కల లెక్క ఏ రిజిస్టర్‌లో ఎలా రాశారో మీరే ఊహించుకోండి.

గుప్తేశ్వర్ దగ్గర ఇంకో సంగతి ఉంది, దీన్ని సంఘాల పెద్దలు కాస్త ఆలకించాలి. శివరాత్రికి శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి కూడా మనవాళ్లు వేలల్లో వస్తారు. సంపెంగ చెట్ల మధ్య మెట్లెక్కి గుహలోకి వెళ్లి మొక్కుకుంటారు. లింగం పెరుగుతోందని నమ్మకం. సున్నపు గుహల్లో రూపాలు పెరగడం వింతేమీ కాదు. పైన గట్టు మీద పడిన వాన మన్నులోంచి, వేళ్ల మధ్య నుంచి దిగేటప్పుడు బొగ్గుపులుసు వాయువుని కలుపుకుని, దారిలో సున్నాన్ని కరిగించుకుని, గుహ కప్పు నుంచి బొట్టు బొట్టుగా పడుతుంది. గుహ గాలిలో ఆ వాయువు విడిపోగానే సున్నం గట్టిపడి పేరుకుంటుంది. మామూలుగా ఏడాదికి మిల్లీమీటర్‌లో పదో వంతు, కొన్నిచోట్ల అంతకూ తక్కువ. అంటే గుహలో పడే ప్రతి బొట్టు పైనున్న ఆ నాలుగు గడ్డిపరకలు, ఆ చారెడు మన్ను దాటుకుని వచ్చిందే. పైన గుంతలు తీసి మన్నుని పగుళ్లలోకి తోసేసినా, నీళ్లు ఎక్కువ తాగే చెట్లతో నింపేసినా, కింద బొట్టు మారుతుంది. దేవుడి నెత్తి మీద తవ్వుతున్నామన్న సంగతి మనకి ఎందుకు తట్టదో నాకు అర్థం కాదు.

ఆ గుహల్లో గబ్బిలాలున్నాయి. దక్షిణ ఒడిశాలో కనిపించే 16 గబ్బిలాల జాతుల్లో 8 ఈ సున్నపు గుహల్లోనే ఉన్నాయి. 2024 ఫిబ్రవరిలో ఒడిశా ప్రభుత్వం గుప్తేశ్వర్ అడవిలో 350 హెక్టార్లని జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించింది. ఆ వార్త వచ్చినప్పుడు మన గ్రూపుల్లో అందరం చప్పట్ల బొమ్మలు పెట్టుకున్నాం. ప్రకటించింది అక్కడ ఉన్నదాన్ని కాపాడటానికి. అందులో లేనిదాన్ని తెచ్చి పెడతామంటే ఆ ప్రకటనకి అర్థమేముంది?

అటవీ అధికారులకి నా మనవి వేరుగా చెప్తాను, ఎందుకంటే వాళ్ల మీద పైనుంచి లెక్కల ఒత్తిడి ఉంటుందని తెలుసు. దేశమంతా బంజరు భూముల పటాలున్నాయి, వాటిలో రాతినేల కూడా ఒక బంజరు రకమే. రెవెన్యూ కాగితాల్లో సాగుకి పనికిరాని పతిత భూమి. పటంలో అలా రంగు వేసి ఉంటే ప్లాంటేషన్‌కి స్థలం వెతికేవాడి వేలు నేరుగా అక్కడికే పోతుంది. 2024 ఫిబ్రవరిలో కేంద్రం గ్రీన్ క్రెడిట్ (చెట్లు పెంచినందుకు ఇచ్చే పాయింట్లు) లెక్కలు ప్రకటించినప్పుడు హెక్టారుకి కనీసం 1,100 చెట్లు అన్నారు. అంటే సుమారు మూడు మీటర్లకో చెట్టు. సున్నపురాయి నెత్తి మీద మూడు మీటర్లకో గుంత అంటే మందుగుండు పెట్టి పేల్చాలి, లేదంటే దొంగ లెక్క రాయాలి. రెండూ చేయాల్సిన అవసరం లేకుండా మీ అడవి నిర్వహణకి రాసుకునే వర్కింగ్ ప్లాన్‌లోనే ఈ గట్ల నెత్తుల్ని ప్లాంటేషన్‌కి పనికిరానివని కాదు, ప్లాంటేషన్ చేయకూడనివని విడిగా గీసి పెట్టండి. ఒకసారి గీస్తే తర్వాత వచ్చే ఆఫీసర్‌కి కూడా టెన్షన్ ఉండదు.

బయటి దేశాల సంగతి ఎత్తితే కొందరికి నచ్చదు కానీ రెండు ముక్కలు చెప్పి ముగిస్తాను. అమెరికాలోని టెనెసీ రాష్ట్రంలో, నాష్‌విల్ చుట్టూ, పలచటి మన్ను కింద సున్నపురాయి ఉన్న ఖాళీలు ఉంటాయి. చుట్టూ అడవి, మధ్యలో ఎండకి కాలే బండ. ఒక ఊదారంగు పూలమొక్క అంతరించిపోయిందనుకున్నారు. అది ఆ ఖాళీల్లోనే మళ్లీ దొరికింది. 1979లో దాన్ని ప్రమాదంలో ఉన్న జాతుల జాబితాలో చేర్చారు. ఆ ఖాళీలని కొని, కాపాడి, లోపలికి చొరబడే చెట్లని నరికి, 2011లో జాబితాలోంచి తీసేయగలిగారు. అవును, మొక్కని కాపాడటానికి చెట్లు నరికారు. స్వీడన్‌లో ఒలాండ్ ద్వీపం దక్షిణ భాగంలో చాలామటుకు ఇలాంటి సున్నపు మైదానమే. 2000లో యునెస్కో దాన్ని వారసత్వ జాబితాలో పెట్టింది. అక్కడ పశువులు మేయకపోతే పొదలు కమ్మేస్తాయని మేపునే జాగ్రత్తగా కొనసాగిస్తారు. ఇంత దూరం ఎందుకు, సతారా దగ్గర కాస్ పీఠభూమి కూడా చెట్లు లేని రాతినేలే. రాయి వేరే రకం అనుకోండి. అక్కడ పూల కోసం జనం టిక్కెట్టు కొనుక్కుని క్యూలో నిలబడుతున్నారు. అక్కడ మొక్కలు నాటుతామని ఎవరైనా అంటే ఊరుకుంటారా?

మేపు మాట వచ్చింది కాబట్టి: గట్టు మీదికి ఊళ్లోవాళ్ల మేకలు రావడం చూసి కంచె వేయించాలని ఒక తమ్ముడన్నాడు. తొందరపడకండి. మేకలు మితిమీరితే నష్టమే, కానీ ఎప్పటినుంచో కొద్దిగా మేస్తున్న చోట ఒక్కసారిగా ఆపేస్తే పెద్ద గడ్డి పెరిగి, ఆ గడ్డికి వేసవిలో నిప్పంటుకుంటే ఇంకా పెద్ద నష్టం. ఇలాంటివి నిర్ణయించాల్సింది పరజ, గదబ, భొత్తడ గిరిజన ఊళ్లవాళ్లు. వాళ్లు ఆ గట్టు మీద దుంపలకీ, చీపురు గడ్డికీ, బంకకీ తిరిగినవాళ్లు. ఏ పగులులో ఏముందో వాళ్లకి తెలుసు. మీరు మొక్కలు నాటే ముందు వాళ్లని అడిగారా? వాళ్లని పిలిచి ఫోటోలో నిలబెట్టడం అడగడం కిందికి రాదు. బంక కోసం తపసిని లోతుగా చెక్కి చంపేస్తున్నవాళ్లు ఉంటే ఆ మాట కూడా వాళ్లతోనే మాట్లాడాలి. నాకు తెలిసినంతలో అలా చెక్కేది ఎక్కువగా బయటినుంచి వచ్చేవాళ్లే.

మీలో ఒకాయన అడిగిన ప్రశ్న మాత్రం నన్ను నిజంగా ఆలోచింపజేసింది. "ఖాళీగా వదిలేస్తే రేపు సున్నపురాయి క్వారీ వస్తుంది, మొక్కలుంటే అడవి అని చెప్పుకుని ఆపుకోవచ్చు కదా" అన్నారు. ఆ భయం ఉత్తుత్తిది కాదు. సిమెంటుకి సున్నపురాయి కావాలి, పల్నాడులో, నల్గొండలో ఏం జరిగిందో మనవాళ్లకి చెప్పక్కర్లేదు. కానీ నాలుగు సుబాబుల్ చెట్లు క్వారీని ఆపవు. నరికినందుకు ఇంకోచోట మొక్కలు నాటుతాం అని ఒక కాగితం రాసిస్తే సరిపోతుంది. ఇంకోచోట పెంచలేనిది అక్కడ ఉందని చూపిస్తేనే వాదన నిలబడుతుంది. అందుకు దారులున్నాయి. 2002 జీవవైవిధ్య చట్టం కింద ప్రతి పంచాయతీకి జీవవైవిధ్య కమిటీ ఉండాలి, ఆ కమిటీ ప్రజా రిజిస్టర్ రాయాలి. గట్టు మీది మొక్కలు ఆ రిజిస్టర్‌లో పేరుపేరునా ఎక్కాలి. 2006 అటవీ హక్కుల చట్టం కింద సాముదాయక అటవీ వనరు మీద హక్కు వస్తే, దాన్ని కాపాడే అధికారం గ్రామసభకే ఉంటుంది. మొక్కలు నాటే ఉత్సాహంలో సగం ఈ కాగితాల మీద పెడితే క్వారీవాడికి అసలైన అడ్డం అదే.

రిజిస్టర్ రాయడానికి మనకి సాయం దూరం పోకుండానే దొరుకుతుంది. జయపురంలోనే స్వామినాథన్ ఫౌండేషన్‌వాళ్ల కేంద్రం ఉంది, ఔషధ మొక్కల తోటతో సహా. కోరాపుట్‌లో ఒడిశా కేంద్రీయ విశ్వవిద్యాలయంలో జీవవైవిధ్య విభాగమే ఉంది. అక్కడి పిల్లల్ని ఇద్దరు ముగ్గుర్ని, ఊరినుంచి ఇద్దరు పెద్దల్ని, మీ సంఘం నుంచి ఫోటోలు బాగా తీసేవాళ్లని ఒకరిద్దరిని కలిపి గట్టు ఎక్కించండి. ఒక్క సీజన్‌లో వెళ్తే చాలదు. వానలు పట్టుకున్నాక ఒకసారి, వానల చివర ఒకసారి, ఆకులు రాలి పూలు మిగిలిన ఫాల్గుణంలో ఒకసారి. సగం మొక్కలు మిగతా కాలమంతా నేలలో గడ్డగానో విత్తనంగానో దాక్కుని ఉంటాయి. మే నెలలో వెళ్లి ఏమీ లేదని రాసుకొచ్చినవాళ్లని నేను చూశాను. ఎక్కేటప్పుడు మాత్రం పగుళ్ల మీద కాకుండా బండ మీద అడుగేయండి. ఒక్క రాయిని కూడా ఇంటికి తేవద్దు. మయూరశిఖ పీకి కుండీలో పెట్టుకుందామనే ఆలోచన అసలే వద్దు, నర్సరీలో అది బతకడం కష్టం, అమ్మమని నన్ను అడగనూ వద్దు.

ఇక మీ ఆర్డరు సంగతి. కాన్సిల్ చేయమనడం లేదు, మార్చమంటున్నాను. సుబాబుల్ మొత్తం తీసేద్దాం. గుల్మొహర్ బదులు రోడ్డు పక్కకి నేరేడు, కానుగ, చింత తీసుకోండి. రామగిరి రోడ్డు పొడుగునా నీడ లేక నడిచేవాళ్లు అల్లాడుతున్నారు. సంత జరిగే మైదానాల్లో కూరగాయలమ్మే ఆడవాళ్లు ఎండలో గొడుగులు కట్టుకుని కూర్చుంటున్నారు, అక్కడ నాలుగు పెద్ద నీడచెట్లు పెరిగితే పదేళ్లకి మీ పేరు చెప్పుకుంటారు. వాగు గట్లు కోసుకుపోతున్న చోట వెదురు, మద్ది పెట్టొచ్చు. ఊరివాళ్లు ఒప్పుకుంటే గట్టు దిగువన, మట్టి ఉన్న చోట ఇప్ప, ఉసిరి, కరక్కాయ నాటండి. వాటికి కవర్ తీసి ఎలా నాటాలో, మొదటి వేసవి నీళ్లు ఎలా పట్టాలో నేనే వచ్చి చూపిస్తాను, రవాణా కూడా నాదే. నాటే చోటు ఏదన్నది జూన్ మొదటి వారంలోపు చెప్తే చాలు, మొక్కలు పక్కన పెట్టి ఉంచుతాను. గట్ల పేర్లు రాసిన అనుమతి దరఖాస్తు ఇప్పటికే ఇచ్చి ఉంటే వెనక్కి తీసుకుని, రోడ్డు, సంత, వాగు పేర్లతో మళ్లీ పెట్టండి. రేంజ్ ఆఫీస్‌లో తెలుగు తెలిసినవాళ్లు ఉన్నారు, ఈ లేఖ కాపీ కూడా దానికి జతచేయొచ్చు. ఒడియాలో రాసింది ఈ వారంలో మిగతా సంఘాలకి పంపుతున్నాను.

ఇట్లు
మీ నర్సరీ అక్క
జయపురం, కోరాపుట్ జిల్లా